మా ఇంటి పికప్

"బండి అమ్మేస్తాను పెద్దమ్మా. బొరుగుల డీలరుకు మాట ఇచ్చేసినా."

"ఎవరిని అడిగి ఇచ్చినావు?"

"ఎవరిని అడగాల? నాయన ఏమీ అనలేదు."

"మీ నాయన ఆయన పెండ్లినాడు గూడా ఏమీ అనలేదు. ఆయన సంగతి ఇడిసిపెట్టు. నన్నడిగినావా?"

"నువ్వు వద్దంటావని తెలిసే అడగలేదు."

"తెలిసింది గదా. ఇంక అమ్మొద్దు."

"అట్ల కాదు పెద్దమ్మా. ఈ కాలంలో ఊరూరూ తిరిగి మూటలు దించేది ఎవరు చేస్తాండారు చెప్పు? డీలరు మన బట్టీ కాడికే లారీ తెస్తాడు. అంతా ఒక్కసారి ఎత్తుకుని పోతాడు. నాకు చూస్తే ఫోన్ల అంగడి ఉండాది. శనివారం శనివారం అది మూసి నేను బాగేపల్లి దాకా బొరుగులు మోయాల్నా?"

"డీలరు పేరేసంద్రలో దిగి, బస్సులు నిలిచే కాడ గంప పెట్టుకున్నామెకు ఒక్క మూట దించి పోతాడా?"

"ఆమే పోయి తెచ్చుకుంటాది."

"ఒక్క మూట కోసరం గంప ఇడిసిపెట్టి చిక్కబళ్లాపురానికి బస్సెక్కుతుందా? కండక్టరు ఎక్కించుకుంటాడా? మూటను చూస్తే మనిషి కన్నా పొడుగు."

"దేశంలో ఉండే గంపలన్నిటికీ మనమే జవాబు చెప్పాల్నా పెద్దమ్మా?"

"దేశంలో ఉండేవాటికి కాదు. మీ యమ్మ మాటిచ్చిన గంపలకు."

మొన్న మా ఇంటి నడిమింట్లో జరిగిన జగడం ఇది. మాట్లాడినవాడు మా మరిది కొడుకు. వాడి తల్లి నా తోడికోడలు. ఆమె పోయి, శుద్ధి అయిన సాయంత్రం. పురోహితుడు తాగిన కాఫీ లోటా ఇంకా కడగలేదు, అప్పుడే వాడు బండి మాట ఎత్తినాడు. మా మరిది గోడకానుకొని చేతులు చూసుకుంటా కూర్చున్నాడు. వాడి పెండ్లాం, స్కూల్లో ఇంగ్లీషు చెప్పే బిడ్డ, వాకిలి దగ్గర నిలబడి మా ఇద్దరి మొహాలు చూస్తాండాది.

జగడం అట్లా ఉండనీ. ముందు నా తోడికోడలి సంగతి చెప్పాలి. రాయమని అడిగింది ఆ ఇంగ్లీషు బిడ్డే. నేను బడికి పోయింది కొద్దిరోజులు, అదీ కన్నడ బడి. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో నేర్పించినాడు. తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాల్సిందే.

ఆమె పేరు రాయను. బండి కొన్న కొత్తలో పెయింటరు వచ్చి, ముందర అద్దం మీద ఆమె పేరు రాస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "బొరుగులకు పేరుండాదా అప్పా? బొరుగుల బండికి మాత్రం ఎందుకు?" అని పంపించేసింది. బండి మీద వద్దన్న పేరు నేను కాగితం మీద రాస్తే బాగుండదు.

మాది కర్ణాటకలో చింతామణి. ఇంటి ముందర అంగడి, ఇంటి వెనక బొరుగుల బట్టీ. ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన బియ్యాన్ని కాగిన ఇసుకలో పోసి కలబెడితే చిటపటమని పొంగుతాయి. జల్లెడ పడితే ఇసుక కిందికి, బొరుగులు పైకి. మంటకు శనక్కాయల పొట్టు. తరాలుగా ఇదే మా అన్నం. నేను ఈ ఇంటికి పెద్దకోడలుగా వచ్చినాను, ఆమె నా వెనక బాగేపల్లి నుంచి వచ్చింది. వచ్చిన మొదటి రోజే బట్టీ దగ్గరికి పోయి, ఒక బొరుగు తీసి చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్లతో నలిపింది. నోట్లో వేసుకోలేదు. "ఇంకొక్క పిసరు కాగాల ఇసక" అన్నది. కొత్త కోడలు, నెత్తిన పూలు ఇంకా వాడలేదు. నాకు ఒళ్లు మండింది. నోట్లో వేసుకుని చూసినాను. ఇంకొక్క పిసరు కాగాలనే అనిపించింది. ఆ మాట నేను ఆమెతో అనలేదు.

చెవి దగ్గర బొరుగు నలిపే అలవాటు చివరిదాకా ఉండింది. పెండ్లిలో ఉన్నా, ఆస్పత్రిలో ఉన్నా, యాడ బొరుగులు కనపడినా చెయ్యి పోయేది, చెవికి పోయేది. పక్కనున్నవాళ్లు ఈమెకు చెవిపోటేమో అనుకునేవాళ్లు.

ఇంక పైన పేరుగా పెట్టిన మాట సంగతి. పికప్ అనే మాట మా ఇంట్లోకి బండితోనే వచ్చింది. అంతకు ముందు మా మరిది ఎద్దులబండి, తరువాత మూడు చక్రాల ఆటో తోలేవాడు. ఆయనకు కండ్లు మసకబారి, రోడ్డు మీద బర్రె ఏదో మనిషి ఏదో తెలియకుండా పోయినప్పుడు, అందరం లైను, అంటే శనివారాలు ఊరూరా మూటలు దించేది, మానేద్దామనుకున్నాం. ఆమె మాత్రం పుట్టింటివాళ్లు పెట్టిన బంగారు గాజులు అమ్మి పెద్ద బండి కొనిపించింది. తెచ్చినవాడు తాళం చేతికిచ్చి, "ఇది పికప్ అమ్మా" అన్నాడు. "అంటే?" అన్నది. "అంటే, సామాను ఎత్తుకుని పోయేది. ఇంకా, బండి జోరందుకునేదాన్ని గూడా పికప్ అంటారు" అన్నాడు. "ఒకే మాటకు రెండు పనులా? మంచి మాటప్పా" అన్నది ఆమె. ఒక వస్తువు రెండింటికి పనికొస్తే నాకు గూడా నచ్చుతుంది. కానీ ఆమె రెండింటితో ఆపితే కదా.

కొద్దిరోజులకే ఇల్లంతా పికప్ అయిపోయింది. ఫోను తీయకుంటే, "పికప్ చేయవేందక్కా, కొట్టీ కొట్టీ యేలు నొచ్చింది" అనేది. మరిదికి జ్వరం తగ్గితే, "నీ మరిది నిన్నటి మీద పికప్ అయినాడు, రాగిముద్ద అడిగినాడు" అని వచ్చి చెప్పేది. వానాకాలం బొరుగులు మెత్తబడి గిరాకీ లేక నేను దిగులుగా కూర్చుంటే, "శివరాత్రి రానీ అక్కా, నంది జాత్రకంతా పికప్ అయితాది" అని ధైర్యం చెప్పేది. పక్కింటి పిల్లోడు ముక్కు చీదుకుంటా వస్తే, "యాడనో జలుబు పికప్ చేసినాడు చూడు" అని చెంగుతో తుడిచేది. హైవే మీద చాయంగడి దగ్గర ఉత్తరాది లారీవాళ్లతో హిందీలో జోకులేసేది. యాడ నేర్చినావమ్మే అంటే, "నేర్చిందేం లేదక్కా, అట్లా అట్లా పికప్ చేసినా" అనేది.

నన్ను గూడా ఇడిసిపెట్టలేదు. మూటలు ఎక్కించేటప్పుడు నేల మీద రాలిన బొరుగులు నేను ఏరి చాటలో వేసుకుంటాను. తినే వస్తువు కాలికింద పడితే నేను ఓర్వలేను. అది చూసి, "మా యక్క ఇంగ్లీషు రాకుండానే పికప్ చేస్తాది" అని బట్టీ పనోళ్ల ముందర నవ్వేది. వాళ్లూ నవ్వేవాళ్లు. నేను నవ్వేదాన్ని కాదు. ఏరేది ఆపేదాన్నీ కాదు.

కొడుక్కి పెండ్లయి, ఇంగ్లీషు బిడ్డ కోడలుగా వచ్చినాక అసలు సంగతి బయటపడింది. ఒకరోజు ఆ బిడ్డ స్కూలు నుంచి వచ్చి కడుపు పట్టుకుని నవ్వుతాండాది. "ఏమమ్మా?" అంటే చెప్పింది. ఆరోజు పాఠం పికప్ అనే మాటే. ఎత్తుకునేది, ఫోను తీసేది, మనిషిని బండిలోకి ఎక్కించుకునేది, ఒళ్లు కుదుటపడేది, వ్యాపారం పుంజుకునేది, వినీ వినీ నేర్చుకునేది, జలుబు అంటించుకునేది, ఆపినచోటి నుంచి మళ్లా మొదలుపెట్టేది, ఇవన్నీ దానికి అర్థాలేనట. పుస్తకంలో ఉండే ఉదాహరణలు పిల్లలకు ఎక్కలేదట. "అప్పుడు పుస్తకం మూసి, మా యత్త మాటలు చెప్పినానత్తా. క్లాసంతా ఒక్క దెబ్బకు పట్టేసినారు" అన్నది.

ఆమె సిగ్గుపడుతుందేమో అనుకున్నాను. సిగ్గా! "నేను తప్పు మాట్లాడలేదు గదా?" అని అడిగింది.

"ఒక్కటి మాత్రం లేదత్తా. దోసెపిండి పొంగితే పికప్ అయిందంటావే, అది ఇంగ్లీషులో లేదు."

"లేకుంటే చేర్చుకోమను" అన్నది ఆమె, బొరుగుల మూటకు ముడి బిగిస్తా.

ఆ రోజు నాకు గర్వం కలిగింది. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. బడి పిల్లలకు పాఠంగా పోయింది మా ఇంటి ఆడమనిషి మాట. ఆ సాయంత్రం అంగడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఏదో సాకుతో ఆ సంగతి చెప్పినాను. ఆమె వినకుండా చూసుకున్నాను, వింటే నెత్తికెక్కుతుందని.

ఆమె స్టీరింగు పట్టుకున్న కథ గూడా జగడమే. బండి కొనింది, డ్రైవరును పెట్టినాం. ఉన్నన్నాళ్లు ఉండి, ఒక శనివారం మూటలన్నీ ఎక్కించినాక, ఫ్యాక్టరీలో పని దొరికిందని తాళం బల్ల మీద పెట్టి పోయినాడు. బండి నిండా బొరుగులు. వాకిట్లో ఏనుగు మాదిరి నిలబడి ఉంది. "నేను నేర్చుకుంటాను" అన్నది ఆమె.

"మన ఇంటి ఆడది బజారులో బండి తోలేదా? మొగోళ్లు నిలబడి చూస్తారు" అన్నాను.

"చూడనీ అక్కా. చూస్తే పక్కకు జరుగుతారు. నాకు అదే గదా కావాల్సింది."

"చెయ్యి తప్పితే?"

"ఇన్నేండ్లు మంట కాడ నిలబడినాం, చెయ్యి తప్పిందా? స్టీరింగు మంట కన్నా వేడా?"

"నీ ఇష్టం" అన్నాను, ఇష్టం లేకుండా. చిక్కబళ్లాపురంలో లైసెన్సు పరీక్షకు తోడు పోయింది మాత్రం నేనే. టిఫిను డబ్బా కట్టుకుని పోయినాను, హోటలుకు ఖర్చెందుకని. అక్కడి ఆఫీసరు, చీర కట్టుకుని పెద్ద బండెక్కినామెను చూసి నవ్వు ఆపుకుంటా, కన్నడంలో "పికప్ ఎట్లుండాదమ్మా?" అని అడిగినాడు. "బండికి బాగుండాది సార్. నాకే కొంచెం నిదానం. అయినా వస్తాది" అన్నది. ఆయన నిజంగానే నవ్వేసినాడు. వెనక్కి తోలి, రాళ్ల నడుమ నుంచి తీసి, మళ్లా పెట్టి చూపించింది. దిగేటప్పుడు, ఆవును నిమిరినట్టు బండి తలుపు నిమిరింది.

బొరుగుల బండి తోలేది అందరికీ వచ్చే పని కాదు. చూసేదానికి కొండంత, బరువు దూది. హైవే మీద గాలి కొట్టిందంటే, బండి ఒక పక్కకు, మూటలు ఒక పక్కకు పోతామంటాయి. లారీలు వెనక హారను కొడతానే ఉంటాయి. ఆమె తొందరపడేది కాదు. ఎడమ పక్కన పట్టుకుని, నడుముకు కొంగు బిగించి, నోట్లో వక్కపలుకు పెట్టుకుని పోయేది. అట్లా పోతా పోతా దోవలో నిలబడినవాళ్లందరినీ ఎక్కించుకునేది. బస్సు తప్పిన కాలేజీ పిల్లలు, కానుపుకు పోయే ఆడపిల్లలు, మోకాళ్లు నొచ్చే ముసలోళ్లు. ముందర సీటులో చోటు లేకుంటే వెనక మూటల నడుమ. "సామాన్ల బండిలో మనుషులా? పోలీసాయన పట్టుకుంటే?" అని నేనంటే, "బండి పేరే పికప్ గదక్కా, ఎక్కించుకోకుండా ఎట్లా పోవాల?" అనేది. పోలీసాయన ఒకరోజు నిజంగానే ఆపినాడు. వెనక మూటల మీద ఆయన అత్త కూర్చుని ఉందట. ఆమె ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ అత్త ఒక్కోసారి ఒక్కో మాట అనేది. అందుకే నేను పూర్తిగా నమ్మలేదు.

మా ఇద్దరికీ నిజంగా చెడిన విషయం ఒకటే. చిన్నమూట.

మా సీమలో బొరుగులు రెండు తావుల్లో ఉండి తీరాలి. జాత్రలో, చావులో. పాడె లేస్తే ముందర బొరుగులు చల్లుకుంటా పోవాలి. బొరుగులు లేకుండా శవం వాకిలి దాటదు. ఆమె ప్రతి శనివారం బండి ఎక్కించినాక, ఒక చిన్నమూట విడిగా కట్టి, డ్రైవరు సీటు వెనక, గుడ్డ కప్పి పెట్టుకునేది. దోవలో ఏ ఊర్లోనైనా చావు అయిందంటే ఆ మూట దించేది. దుడ్డు తీసుకునేది కాదు. వాడకుండా తిరిగొస్తే, వాపసు అమ్మకంలో కలపనిచ్చేది కాదు. పక్షులకు పోసేది.

ఒక శనివారం నేను గూడా ఆమెతో పోయినాను, బాగేపల్లిలో వాళ్ల అమ్మను చూసొద్దామని. పేరేసంద్ర దాటినాక ఒక చిన్న పల్లె దగ్గర వాకిట్లో జనం కనిపించినారు. బండి ఆపింది. చిన్నమూట తీసుకుని పోయి, వాకిట్లో పెట్టి, ఒక్క మాట లేకుండా వెనక్కి వచ్చేసింది. ఎవరో పెద్దాయన దుడ్డు తీయబోతే, చెయ్యెత్తి వద్దని సైగ చేసింది. నీళ్లు తాగలేదు. పోయొస్తామని చెప్పలేదు, చావింట్లో చెప్పకూడదు గదా.

బండి కదిలినాక నేను మొదలుపెట్టినాను. "వాళ్లెవరు?"

"తెలీదు."

"తెలీనోళ్లకు దానమా? ఊరూరా చచ్చిపోయేవాళ్లకంతా మనం పోయాలంటే బట్టీ మూసేయాల్సిందే."

"దానం కాదక్కా. జాత్రలో వీళ్లంతా మన కాడ బేరమాడి కొంటారు. ఆడ నేను గూడా గీచి గీచి తీసుకుంటా. అదే చెయ్యి ఈడ గూడా చాపితే, ఆ చెయ్యి నాది కాదు."

"మాటలు బాగా చెప్తావు. పొట్టు, ఉప్పు, బియ్యం మాటలతో వస్తాయా?"

"రావు."

"మరి?"

"మరేం లేదు. రావు, అంతే. ఆకలయితాండాదక్కా, అన్నం తిన్నాక పికప్ చేద్దాం" అన్నది.

మా జగడాలన్నీ ఇట్లాగే. మధ్యలో ఆపేది, మరుసటి దినం చీపురు పట్టుకుని వస్తా వస్తా, "నిన్న యాడ ఇడిసినాం? చిన్నమూట కాడనే గదా? ఆ, చెప్పు" అనేది. జగడం గూడా అన్నం మాదిరి, మూతపెట్టి దాచుకోవచ్చని ఆమె దగ్గరే చూసినాను. చిన్నమూట జగడం మాత్రం ఎన్నేండ్లు తీసినా అయిపోలేదు. ఇచ్చేదానికి ఒక అదుపుండాలని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఒకటి జరిగింది, అది గూడా రాయాలి.

ఆమె ఒక శనివారం లైను ముగించుకుని వచ్చి, బండి వాకిట్లో పెట్టి, స్నానం చేసి, మజ్జిగన్నం తిని పండుకుంది. ఆదివారం తెల్లారి లేవలేదు. అంతే. ఒకరి చేత సేవ చేయించుకోలేదు.

చావు మాట ఫోన్ల మీద లైను ఊర్లకంతా పోయింది. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు. మధ్యాహ్నం తీయాలని పెద్దలు చెప్పినారు. పాడె కడుతున్నారు. అప్పుడు ఎవరో అడిగినారు, "బొరుగులు యాడ పెట్టినారమ్మా?"

నేను లోపలికి పోయినాను. అంగడిలో లేవు. బట్టీ దగ్గర లేవు. శనివారం లైను అంటే గోదాము ఊడ్చినట్టు పోతుంది. సోమవారం మళ్లా బట్టీ వెలిగిస్తాం. సీటు వెనక చూసినాను, చిన్నమూట గూడా ఆ దినమే యాడనో దించేసి వచ్చింది. చావు అయిన ఇంట్లో పొయ్యే వెలిగించకూడదు, బట్టీ ఎట్లా వెలిగిస్తాం? తరాలుగా ఊరందరికీ బొరుగులు పోసిన ఇంట్లో, ఆ దినం గుప్పెడు బొరుగులు లేవు.

కొడుకు, "బజారుకు పోయి తెస్తా" అన్నాడు. బంధువుల్లో ఒక పెద్దాయన, "బొరుగుల ఇంటి పాడె ముందర కొనుక్కొచ్చిన బొరుగులా? నలుగురూ నవ్వుతారు" అన్నాడు. ఇంకొకాయన, "నవ్వితే నవ్వనీ, పొద్దు పోతాండాది" అన్నాడు. నేను ఖాళీ గోదాములోకి ఇంకొకసారి పోయి చూసొచ్చినాను.

అప్పుడు వాకిట్లో ఒకామె నిలబడింది. పేరేసంద్రలో గంప పెట్టుకున్నామె. బస్సు దిగి అట్లాగే వచ్చినట్టుంది, చెప్పులు చేతిలో పట్టుకుని ఉంది. ఒళ్లో గుడ్డమూట. "నిన్న దించిపోయిందే అమ్మా, అమ్మబుద్ధి కాలేదు" అని నా కాళ్ల దగ్గర పెట్టింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. చిక్కబళ్లాపురం పూలమార్కెట్టు దగ్గర బొరుగులు కలిపి అమ్మే ఆమె, నందిలో గుడి దోవలో కూర్చునే ఆమె, బాగేపల్లి నుంచి ముగ్గురో నలుగురో ఒక ఆటోలో. తేవాలని ఎవరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. ప్రతి ఒక్కరి చేతిలో మూట. బొరుగుల ఇంట్లో ఉండవా అని ఒక్కరు గూడా అనుకోలేదు. ఆమె వాళ్ల ఇండ్లకు తెచ్చింది, వాళ్లు ఈమె ఇంటికి తెచ్చినారు. వాళ్లకు అంతే తెలుసు.

అన్నీ మా బొరుగులే. ఆమె శనివారం తన చేత్తో దించినవే. నేను ఒక బొరుగు తీసి చెవి దగ్గర నలిపినాను. బాగుండాది.

చింతామణిలో ఆ దినం పోయిన పాడె ముందర పరచుకున్నన్ని బొరుగులు, ఏ ధనవంతుడి పాడె ముందరా నేను చూడలేదు. దోవంతా తెల్లగా అయిపోయింది. నేను నేల మీద చూసుకుంటా నడిచినాను. ఒక్కటి గూడా ఏరలేదు.

ఇంక శుద్ధి దినం జగడానికి వస్తాను. మాటిచ్చిన గంపలకు జవాబు చెప్పాలని నేనన్నాను గదా. వాడు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ఆ దినం వాళ్లు వచ్చింది నేను చూడలేదంటావా? చూసినా. అందుకే నా వల్ల కాదు. ఆ బండి తలుపు తీస్తే వక్క వాసన వస్తాండాది. స్టీరింగు మీద పసుపు చేతి మరక ఉండాది. ఆడ కూర్చుంటే అమ్మ గుర్తుకొస్తాది."

"కూర్చుంటే గుర్తుకొస్తాది. కూర్చోకుంటే మరుపొస్తాది. నీకేది కావాల?"

"డీలరుకు మాటిచ్చినా" అన్నాడు మళ్లా, కానీ ఈసారి నేల చూసుకుంటా అన్నాడు.

"మీ యమ్మ ముందే ఇచ్చింది మాట. ఆమెది పాతది, నీది కొత్తది. ఏది నిలబెట్టాల్నో నువ్వే చూసుకో. నేను మాత్రం పొద్దున బట్టీ వెలిగిస్తా. చావు తరువాత మొదటి మంట ఇంటికి పెద్దామె పెట్టాల. పెడతా. పొంగిన బొరుగులు లారీలో పోతాయో, మీ యమ్మ బండిలో పోతాయో నాకు తెలీదు."

అప్పుడు మా మరిది, దినమంతా మాట్లాడనివాడు, గోడ దగ్గర నుంచి అన్నాడు: "రేపు శనివారం."

అంతే అన్నాడు. ఇంగ్లీషు బిడ్డ కాఫీ లోటా ఎత్తుకుని కడిగేదానికి పోయింది. మాట అక్కడే ఆగిపోయింది.

పొద్దున నేను స్నానం చేసి బట్టీకి పసుపు కుంకుమ పెట్టి మంట పెట్టినాను. పనోళ్లు వచ్చినారు. ఉప్పు పట్టించిన బియ్యం గోదాములో ఉండనే ఉండాది. ఇసుక కాగింది. మొదటి వాయి పొంగింది. మూటలు కట్టినాం. ఎప్పుడూ పోయేటంత లేవు, సగం గూడా లేవు. నేను ఒక చిన్నమూట విడిగా కట్టి గట్టు మీద పెట్టినాను. ఎందుకు కట్టినావని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు.

ఎండ వాకిట్లోకి వచ్చినాక వాడు వచ్చినాడు. పనోళ్లతో కలిసి మూటలు ఎక్కించినాడు. తాడు బిగించినాడు, సరిగా రాలేదు, మా మరిది తడుముకుంటా వచ్చి మళ్లా బిగించినాడు. వాడు గట్టు మీద చిన్నమూట చూసినాడు.

"పెద్దమ్మా, ఇది యాడ పెడతా ఉండె అమ్మ?"

"సీటు వెనక. గుడ్డ కప్పు."

పెట్టినాడు. గుడ్డ కప్పినాడు. బండెక్కి కూర్చుని, చేతులు స్టీరింగు మీద పెట్టకుండా కొంచెం సేపు అట్లాగే ఉన్నాడు. ఆమె ఫోను నేను బండిలోనే పెట్టించినాను. అది మోగింది. వాడు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆ... అవునక్కా, అమ్మ ఫోనే. కొడుకును. ఆ, వస్తాండాం. మధ్యాహ్నానికి పేరేసంద్రలో ఉంటాం."

బండి కదిలి, వీధి మలుపులో ఒకసారి ఆగి, చెయ్యెత్తినామెను ఎక్కించుకుని, మళ్లా పోయింది. నేను వాకిట్లోకి వచ్చి చూసినాను. మూటలు ఎక్కించేటప్పుడు బొరుగులు రాలి ఉన్నాయి. చాట తెచ్చుకుని కూర్చుని, అన్నీ ఏరుకున్నాను.